కంపెనీ చేతులు మారింది... మా సంగతేంటి?

పాటలు వినిపించే కంపెనీ అమ్ముడుపోతే వినేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. ఆప్ రంగు మారుతుంది, పేరు మారుతుంది, అంతే! ఆ పాటల్ని అక్కడ పేర్చిపెట్టినవాళ్లకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర ఉండదు. ‘ఎంతకు అమ్మారు?’ అని ఊరంతా అడుగుతుంది. వాళ్లు అడగాల్సిన ప్రశ్న అది కాదు. మరేమిటది?

ఆదివారం ఉదయం. చిక్కడపల్లిలో ఓ పాత అపార్ట్‌మెంటు. రెండో అంతస్తులో నాన్న పేపరు చదువుతున్నారు. వంటింట్లో దోసెల చప్పుడు. ఉన్నట్టుండి నాన్న తలెత్తారు.

‘‘అమ్మా, మీ కంపెనీని ఎవరో కొనేశారట కదా. పేపర్లో వేశారు.’’

‘‘అవును నాన్నా. మాకూ నిన్న రాత్రే మెయిలొచ్చింది.’’

‘‘మరి మీ ఉద్యోగాలో?’’

‘‘ఏమో నాన్నా. మెయిల్లో అది తప్ప అన్నీ రాశారు.’’

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. వచ్చే నెల ఇంటి అప్పు వాయిదా, నాన్న గుండె మందులకు ఆఫీసువాళ్లిచ్చిన బీమా, మాఘమాసంలో అనుకుంటున్న సంబంధం... అన్నీ ఒక్కసారిగా ఆ హాల్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఇది ఫలానావారి ఇల్లని కాదు. ఇలాంటి ఇల్లు ఏ వీధిలోనైనా ఉండొచ్చు. కంపెనీలు చేతులు మారడం మామూలైపోయిన ఈ కాలంలో ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఏ ఇంటి తలుపైనా తట్టొచ్చు. ఆన్‌లైన్ సంగీతం వ్యాపారంలో అయితే మరీ తరచుగా తడుతోంది.

పాట మనది, సొమ్ము వాళ్లది

చిక్కడపల్లి అంటే పాట. త్యాగరాయ గానసభలో ఘంటసాల పాటలో, త్యాగరాజ కృతులో వినిపించని సాయంత్రాలు అరుదు. ఒకప్పుడు ఇష్టమైన పాటలు ఇంట్లో వినాలంటే ఓ చీటీమీద జాబితా రాసుకుని రికార్డింగు సెంటరుకు వెళ్లేవాళ్లం. ఖాళీ క్యాసెట్టు ఇస్తే నాలుగు రోజులకు నింపి ఇచ్చేవాడు. ‘ఈ పాట దొరకలేదండీ, దాని బదులు ఇదేశాను’ అనేవాడు. ఆ బదులు పాటే ఒక్కోసారి మనకి మరింత నచ్చేది. తర్వాత ఎంపీత్రీ సీడీలొచ్చాయి, ఆ సెంటర్లు మూతపడ్డాయి. వాళ్లనెవరూ కొనలేదు, పరిహారమూ ఇవ్వలేదు.

ఆ రికార్డింగు సెంటరు పనే ఇప్పుడు ఆన్‌లైన్ కంపెనీలు చేస్తున్నాయి. తేడా ఒక్కటే. అక్కడ ఒక్క మనిషి ఉండేవాడు, ఇక్కడ వందలమంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, హక్కుల ఒప్పందాలు చూసేవాళ్లు, ప్రకటనలు తెచ్చేవాళ్లు, ఒక్కో భాషకూ పాటల్ని ఏర్చి కూర్చేవాళ్లు. ఈ చివరివాళ్ల పని బయటికి కనిపించదు. ఉదాహరణకు 1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకోండి. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి. సంగీత దర్శకుడిగా ఘంటసాల పేరుంటుంది కానీ కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. ఏ పాట కింద ఎవరి పేరు ఉండాలో తెలియాలంటే మనిషి కావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే గాయకుడి పేరును నాలుగు రకాలుగా రాస్తే నాలుగూ ఒకరివేనని చెప్పడానికీ మనిషే కావాలి.

ఇంత పనిచేసినా ఈ కంపెనీల చేతిలో పాట ఉండదు. పాట హక్కులు ఆడియో కంపెనీలవి. వినిపించినందుకు వాళ్లకు డబ్బు కట్టాలి. వినేవాళ్లేమో ఉచితానికి అలవాటుపడ్డారు. ప్రకటనల ఆదాయం సరిపోదు. అందుకే ఈ వ్యాపారంలో ఎవరో పెద్దచెయ్యి పట్టుకోక తప్పదు. పట్టుకున్న చెయ్యి వదిలేస్తే మళ్లీ అమ్మకమే.

పుణెలో, అమెరికాలో ఆఫీసులున్న ‘ధింగానా’ కథే చూడండి. కవలలైన షిండే సోదరులు 2007లో మొదలుపెట్టారు. తెలుగుతో సహా ఎన్నో భాషల పాటలు వినిపించింది. 2014 మొదట్లో టీ-సిరీస్‌తో హక్కుల ఒప్పందం కొనసాగలేదు. ఇంకేముంది... సేవలు ఆగిపోయాయి. అదే ఏడాది మార్చిలో అమెరికా కంపెనీ ‘ఆర్డియో’ దాన్ని కొంది. ‘హమ్మయ్య’ అనుకునేలోపే 2015 నవంబరులో ఆర్డియోనే దివాలా పిటిషన్ వేసింది. సాంకేతిక పరిజ్ఞానాన్నీ, కొన్ని ఆస్తుల్నీ ‘పండోరా’ ఏడున్నర కోట్ల డాలర్లకు తీసుకుంది. డిసెంబరు 22న ఆర్డియోలో పాట ఆగింది. 2019లో ఆ పండోరా కూడా ‘సిరియస్ ఎక్స్ఎం’ చేతికి వెళ్లింది. ఐదేళ్లలో చేపను చేప, దాన్ని మరో చేప!

ఇల్లు అమ్మినట్టే... కానీ ఎలా?

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికొద్దాం. అది ‘ఎంతకు అమ్మారు?’ కాదు... ‘ఎలా అమ్మారు?’ ఉద్యోగి భవిష్యత్తు చాలావరకూ దానిమీదే ఆధారపడి ఉంటుంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో పాత ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేవడం చూస్తూనే ఉన్నాం కదా. ఇంటితో పోల్చుకుంటే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ఒకటి, ఇంటి పెద్ద మారడం. ఇల్లు అదే, అద్దెకున్నవాళ్లూ వాళ్లే. పెత్తనం మాత్రం చేతులు మారింది. వాటాలు అమ్మడమంటే ఇదే. 2018 మార్చిలో ‘సావన్’ను రిలయన్స్ తన జియో మ్యూజిక్‌తో కలిపింది. రెండూ కలిసి వందకోట్ల డాలర్లకు పైబడిన కంపెనీ అని ప్రకటించారు. ఆ డిసెంబరుకల్లా ‘జియోసావన్’ అన్న పేరొచ్చింది. వాటాల అమ్మకంలో ఉద్యోగికి నియామక పత్రం ఇచ్చిన కంపెనీ అలాగే ఉంటుంది. కాబట్టి పాత సర్వీసు, పాత షరతులు కొనసాగుతాయి. ఒకేపనికి ఇద్దరున్నప్పుడు ఎవరు మిగులుతారన్న బెంగ మాత్రం తప్పదు.

రెండోది, అద్దెకున్నవాళ్లతో సహా ఇంటిని గంపగుత్తగా అమ్మడం. వ్యాపార భాషలో దీన్ని ‘స్లంప్ సేల్’ అంటారు. ఆస్తులు, అప్పులు, ఒప్పందాలు కలిపి వ్యాపారం మొత్తానికీ ఒకటే ధర కడతారు. టైమ్స్ సంస్థ 2010లో తెచ్చిన ‘గానా’ ఇలాగే చేతులు మారింది. 2018లో దానిలోకి చైనా కంపెనీ టెన్సెంట్ తదితరుల నుంచి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. 2022లో ఉచితంగా వినిపించడం మానేసి చందాదారులకే పరిమితమైంది. 2023లో అదే గూటికి చెందిన రేడియో మిర్చి కంపెనీ దాన్ని తీసుకుంది. ధరెంతో తెలుసా? 25 లక్షల రూపాయలు! అశోక్‌నగర్‌లో ఆ డబ్బుకు ఓ మోస్తరు ఫ్లాటు కూడా రాదు. ‘ఎంతకు’ అన్నదాన్ని చూసి ఉద్యోగి భవిష్యత్తును అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మూడోది అన్నిటికన్నా కష్టం. ఇల్లు పడగొట్టి టేకు గుమ్మాలూ, కిటికీలూ ఏరుకుని తీసుకెళ్లడం. కొనేవాళ్లు తమకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌నీ, పేరునీ, ఒప్పందాల్నీ తీసుకుంటారు. మనుషుల్నీ అలాగే ఏరుకుంటారు. అమెరికాలోని ‘బ్యాండ్‌క్యాంప్’ కళాకారులే నేరుగా శ్రోతలకు పాటలమ్ముకునే వేదిక. 2022 మార్చిలో వీడియో గేముల కంపెనీ ఎపిక్ దాన్ని కొంది. 2023 సెప్టెంబరు 28న ‘సాంగ్‌ట్రేడర్’కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. కొత్త కంపెనీలో ఎవరికి చోటుందో ఆ రోజు చెప్పలేదు. 18 రోజుల తర్వాత, అక్టోబరు 16న తెలిసింది... సగంమందికే ఆఫర్లని! అక్కడి ఉద్యోగులు అంతకు కొద్దినెలల ముందే యూనియన్‌గా ఏర్పడ్డారు. అయినా ఆ 18 రోజులూ ఎదురుచూడక తప్పలేదు.

ఇవి కాక నాలుగోదీ ఉంది. అసలు అమ్మకుండా ఇంటికి తాళం వేయడం. ఎయిర్‌టెల్ 2014లో మొదలుపెట్టిన ‘వింక్ మ్యూజిక్’ను మూసేస్తున్నట్టు 2024 ఆగస్టులో చెప్పింది. దాంతోపాటే, అందులోని ఉద్యోగులందర్నీ ఎయిర్‌టెల్‌లోకి తీసుకుంటామనీ ప్రకటించింది. మూసివేత కబురు చేదే. కానీ ‘మా సంగతేంటి?’ అన్న ప్రశ్నకు సమాధానం కూడా అదే కబురుతో వచ్చింది. ఆ ఒక్క వాక్యం ఎన్ని ఇళ్లలో రాత్రి నిద్రను కాపాడి ఉంటుందో!

మన ఊరు చూసిన 96 రోజులు

పాటల కంపెనీల సంగతి సరే, హైదరాబాదుకు ఈ బాధ కొత్తేమీ కాదు. 2009 జనవరి 7ను ఈ నగరం మర్చిపోలేదు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో వేలకోట్ల రూపాయల లెక్కలు తప్పుడువని రాసిన ఉత్తరం ఆరోజే బయటపడింది. కంపెనీ లెక్కల ప్రకారం అప్పటికి ఉద్యోగులు 53 వేలమంది. ఒక్క ఉదయంతో వాళ్లందరి మెడలోని గుర్తింపుకార్డు బరువెక్కిపోయింది.

కేంద్ర ప్రభుత్వం పాత డైరెక్టర్ల బోర్డును తప్పించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ తదితరులతో కొత్త బోర్డు వేసింది. ఆ నెల జీతాలొస్తాయా, క్లయింట్లు ఉంటారా, ఇంటి అప్పిచ్చిన బ్యాంకు ఏమంటుంది... ఇవే మాటలు. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి ఎక్కడ?’ అంటే నిన్నటిదాకా గర్వంగా చెప్పిన పేరును గొంతు తగ్గించి చెప్పాల్సి వచ్చింది. ఏప్రిల్ 13న వేలం ముగిసింది. షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా గెలిచింది. ఎల్ అండ్ టీ చెప్పింది 45 రూపాయల 90 పైసలు. జనవరి 7 నుంచి ఏప్రిల్ 13 వరకూ లెక్కేస్తే 96 రోజులు.

అంతటితో అయిపోయిందా? లేదు. ఇది వాటాల అమ్మకమే. అంటే మనం చెప్పుకున్న మొదటి రకం, కాస్త భద్రమైనది. అయినా జూన్‌లో ‘వర్చువల్ పూల్’ అన్న కొత్త మాట వచ్చింది. ప్రాజెక్టుల్లేని వేలమందిని ఇంటిదగ్గరే ఉండమన్నారు. పూర్తి జీతం కాదు, మూలవేతనం, పీఎఫ్, ఆరోగ్యబీమా మాత్రమే. పని దొరికితే పిలుస్తారు, లేకపోతే లేదు. ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా? పొరుగింటివాళ్లడిగితే చెప్పడానికి మాట దొరకని స్థితి అది. కంపెనీ పేరు మహీంద్రా సత్యం అయింది, 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. అంత పెద్ద కుదుపులోంచి ఆ కంపెనీ ఒడ్డునపడింది నిజమే. అయితే ఒడ్డునపడేలోపు దిగిపోవాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎలా అమ్మారన్నది తెలిస్తే సగం తెలిసినట్టే. మిగతా సగం... కొన్నవాళ్ల చేతిలో పని ఎంతుందన్నది.

రాజీనామా చేసి రమ్మంటే...

చట్టం ఏమంటుంది? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ఎఫ్ అని ఓ సెక్షను ఉండేది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ సూత్రమే ఉంది. సంస్థ ఒక యజమాని నుంచి మరొకరికి బదిలీ అయితే, ఏడాదికి తగ్గకుండా నిరంతరంగా పనిచేసిన కార్మికుడికి ఉద్యోగంలోంచి తీసేసినట్టే లెక్కగట్టి నోటీసూ, పరిహారమూ ఇవ్వాలి. పరిహారమంటే పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. నోటీసంటే నెలరోజుల ముందు చెప్పడం, లేదా ఆ నెల జీతం ఇవ్వడం.

ఇవ్వక్కర్లేని సందర్భమూ ఉంది. దానికి మూడు షరతులు: సర్వీసు తెగకూడదు, కొత్త చోట షరతులు పాతవాటికంటే తీసికట్టుగా ఉండకూడదు, రేపు తీసేయాల్సి వస్తే పాత సర్వీసుకు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త యజమానిది కావాలి. మూడూ ఉండాలి. వాటాలు మాత్రమే చేతులు మారితే యజమాని కంపెనీ మారనట్టే కనుక సాధారణంగా ఇది వర్తించదు. మేనేజర్ల స్థాయిలో పనిచేసేవాళ్లు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. అయితే కార్డు మీద మేనేజరని ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజంగా చేసే పనేమిటన్నదే ముఖ్యం.

చాలామంది దెబ్బతినేది మరోచోట. ‘ఇక్కడ రాజీనామా ఇవ్వండి, అక్కడ కొత్త నియామక పత్రం ఇస్తారు’ అంటారు. చూడటానికి చిన్న కాగితమే. మూలవేతనం 30 వేలు ఉన్న ఉద్యోగి పాత కంపెనీలో నాలుగేళ్లు, కొత్తదాంట్లో రెండేళ్లు పనిచేసి మానేశారనుకోండి. సర్వీసు తెగకపోతే మొత్తం ఆరేళ్లు. 30 వేలను 15తో గుణించి 26తో భాగించి ఆరేళ్లకు లెక్కేస్తే గ్రాట్యుటీ 1,03,846 రూపాయలు. రాజీనామా చేసి కొత్తగా చేరినట్టు కాగితాలుంటే? అక్కడ నాలుగే, ఇక్కడ రెండే. మామూలు శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి కాబట్టి వచ్చేది సున్నా! లక్ష రూపాయలకూ సున్నాకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క వాక్యం... ‘మీ పాత సర్వీసు కొనసాగుతుంది’ అన్నది.

సంతకానికి ముందు ఇవి అడగండి

* అమ్మింది వాటాలా, వ్యాపారమా, ఆస్తులు మాత్రమేనా? రేపటి నుంచి నా యజమాని ఏ కంపెనీ?

* పాత సర్వీసు కలుస్తుందా? కలిస్తే ఆ మాట నియామక పత్రంలో రాసి ఉందా? నోటిమాట చాలదు.

* మూలవేతనం తగ్గించి అలవెన్సులు పెంచారా? చేతికొచ్చేది అంతే ఉన్నా పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గిపోవచ్చు.

* పీఎఫ్ డబ్బు తీసేసుకోవాలని తొందరపడొద్దు. అదే యూఏఎన్ నంబరుతో కొత్త ఖాతాకు మార్పించుకుంటే సర్వీసు కలుస్తుంది. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి మరి.

* అమ్మానాన్నల ఆరోగ్యబీమా ఏ తేదీ వరకు? గ్రూపు పాలసీ ముగిసేలోపే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో కనుక్కోండి.

* జీతం చీటీలు, నియామక పత్రం, అప్రైజల్ ఉత్తరాలు ఇంట్లో ఓ కాపీ ఉంచుకోండి. ఆఫీసు మెయిల్ తెరుచుకోకపోతే అవి తీసుకోవడం కష్టం.

అశోక్‌నగర్ చౌరస్తాలో...

‘ఈ ప్రైవేటు బెడద మనకెందుకు, గ్రూప్స్ రాయకూడదూ?’ ఇలాంటి సమయంలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరం గనక! హాస్టళ్లు, కోచింగు సెంటర్లు, జిరాక్సు షాపులు, పుస్తకాల దుకాణాలు. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే వెళ్తేనే కుర్చీ. నారాయణగూడ టిఫిన్ సెంటర్లలో ఇడ్లీతోపాటు కరెంట్ అఫైర్స్. అమ్మడానికి వీల్లేని ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు వీళ్లంతా.

అయితే ఎదురుచూపు అక్కడా తప్పలేదు. తెలంగాణలో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. హాస్టలు అద్దె కడుతూ, ఇంటికి ఫోన్ చేసి ‘ఇంకొన్నాళ్లు నాన్నా’ అని చెబుతూ గడిపిన ఆ నెలల్ని ఎవరు లెక్కగడతారు?

ఆన్‌లైన్ పాటల కంపెనీలో ఉద్యోగి, అశోక్‌నగర్ హాస్టల్లో అభ్యర్థి. ఇద్దరూ వేరువేరు దారుల్లో ఉన్నా ఇద్దర్నీ కుంగదీసేది ఒకటే. చేదువార్త కాదు, ఏ వార్తా లేకపోవడం. ఉద్యోగం పోయిందని తెలిస్తే ఇంకోటి వెతుక్కుంటాం. ఉందని తెలిస్తే పనిచేసుకుంటాం. రెండూ కానప్పుడు ఏం చేయాలి? అప్పు తీసుకోలేం, పెళ్లి ముహూర్తం పెట్టుకోలేం, వేరే ఉద్యోగానికి గట్టిగా ప్రయత్నించనూ లేం. కంపెనీని కొనేవాళ్లు నెలల తరబడి లెక్కలు చూసుకుంటారు. ప్రతి ఆస్తికీ జాబితా రాసుకుంటారు. ‘ఉద్యోగులకు ఏ రోజు, ఏం చెప్పాలి’ అన్న ఒక్క పంక్తినీ ఆ జాబితాలో చేరిస్తే పోయేదేముంది?

అప్పటిదాకా ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం ఒకటుంది. ‘ఉద్యోగం ఉంటుందా, పోతుందా?’ అని రోజూ అడక్కుండా ఉండటం. ఎందుకంటే ఆ సంగతి వాళ్లకీ తెలియదు.

మళ్లీ ఆ చిక్కడపల్లి హాల్లోకి వెళ్దాం. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. దోసెలు చల్లారిపోతున్నాయి. అమ్మాయి ఫోను చూసుకుంటోంది, కొత్త మెయిలేమైనా వచ్చిందేమోనని. రాలేదు.

‘‘అది పక్కనపెట్టి ముందు టిఫిన్ తిను. తర్వాత మీ అపాయింట్‌మెంట్ లెటరు తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం. ఎంతకు అమ్మితే మనకెందుకుగానీ... ఎలా అమ్మారో కనుక్కున్నావా అమ్మా?’’